జీపును మోసే ట్రెయిలర్, దాన్ని లాగే ఎస్‌యూవీ

కొండలూ బండలూ ఎక్కడం కోసమే మలిచిన వాహనాన్ని అమెరికాలో చాలామంది ఆ కొండల దాకా నడుపుకుంటూ పోరు. ట్రెయిలర్ మీదికి ఎక్కించి, ఇంట్లో రోజూ వాడుకునే ఎస్‌యూవీకి తగిలించి లాక్కుపోతారు. పెద్ద పెద్ద పళ్లున్న టైర్లతో, రాళ్లు ఎక్కడానికి అనువుగా మార్చిన గేర్లతో హైవే మీద వందల కిలోమీటర్లు నడపడం ఒంటికీ బండికీ శిక్షే. పైగా కొండల్లో ఇరుసు విరిగితే బండిని ఇంటికి చేర్చే దారి ఒకటి ఉండాలి. యూటా రాష్ట్రంలోని మోయాబ్ పట్టణంలో ఈస్టర్ రోజుల్లో జరిగే జీప్ సఫారీ 1967లో మొదలైంది. దానికి ఇలాంటి జతబళ్లు వరస కట్టి వస్తాయి. కొలరాడోలోని డెన్వర్ నుంచి అక్కడికి సుమారు 570 కిలోమీటర్లు. దారి రాకీ పర్వతాల మీదుగా పోతుంది.

మధ్యతరహా ఎస్‌యూవీ ఎంత బరువు లాగగలదో కంపెనీ ఒక అంకె ఇస్తుంది. 2024 దాకా వచ్చిన పాత తరం టొయోటా ఫోర్‌రన్నర్‌కు అది 5,000 పౌండ్లు, అంటే 2,270 కిలోలు. 2022 మోడల్ జీప్ గ్రాండ్ చెరోకీకి ఆరు సిలిండర్ల ఇంజన్‌తో 6,200 పౌండ్లు, అంటే సుమారు 2,810 కిలోలు. అంకెలు ఘనంగానే కనిపిస్తాయి. కానీ నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ రూబికాన్ ఒక్కటే 2,000 కిలోల దాకా తూగుతుంది. దాన్ని మోయగల రెండు ఇరుసుల ట్రెయిలర్ ఖాళీగానే 900 కిలోల వరకు ఉంటుంది. రెండూ కలిస్తే 2,900 కిలోలు. ఫోర్‌రన్నర్‌కు అది లాగరాని బరువు, ఆరు సిలిండర్ల గ్రాండ్ చెరోకీకి కూడా గీత దాటినట్టే.

సుజుకీ సమురాయ్ సంగతి వేరు. మన రోడ్ల మీద మారుతి జిప్సీగా తిరిగిన బండికి ఇది దగ్గరి చుట్టం. 1980ల నడిమి నుంచి 1995 దాకా అమెరికాలో అమ్మారు, కొండదారుల వాళ్లు ఇప్పటికీ వెతికి కొంటారు. దీని బరువు దాదాపు 950 కిలోలే. 700 కిలోల ట్రెయిలర్, 100 కిలోల సామాను కలిపినా 1,750 దాటదు. మధ్యతరహా ఎస్‌యూవీకి సరైన జోడు ఇలాంటిదే. కింది లెక్కలన్నీ ఈ జతకు వేసినవి.

కంపెనీలు చెప్పే అంకెకు ఒకప్పుడు ఉమ్మడి కొలమానం లేదు. ఎవరికి తోచిన పరీక్ష వాళ్లు పెట్టుకునేవారు. వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ 2008లో జె2807 అనే ప్రమాణాన్ని ప్రకటించాక ఆ ఇష్టారాజ్యం తగ్గింది. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్లకు పైగా సాగే ఎత్తు ఉంది. కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఎండలో, ఏసీ పూర్తిగా తిప్పి, పూర్తి బరువుతో ఆ ఎత్తంతా ఎక్కాలి. వేగం గంటకు 64 కిలోమీటర్ల కన్నా పడిపోకూడదు. 12 శాతం వాలు మీద ఆగిన చోటి నుంచి ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ముందుకూ, ఐదుసార్లు వెనక్కూ కదలాలి. ఇంజన్, గేర్‌బాక్స్, రేడియేటర్ ఎంత తట్టుకుంటాయో ఈ పరీక్ష బాగా తేలుస్తుంది. అయితే ట్రెయిలర్ మీద బరువును ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ప్రతి ప్రయాణంలోనూ నడిపేవాడి చేతిలో ఉన్న పని. ఎక్కువ ప్రమాదాలు పుట్టేదీ అక్కడే.

ఎడ్లబండి తోలిన రైతుకు ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. బస్తాలు వెనక్కి ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి ఎడ్ల మెడలను వదిలేస్తుంది. ముందుకు ఎక్కువైతే భారమంతా మెడల మీద పడుతుంది. ఇరుసుకు కాస్త ముందు బరువు నిలిస్తేనే బండి సాఫీగా నడుస్తుంది. ట్రెయిలర్‌కూ అదే సూత్రం. ట్రెయిలర్ ముందు భాగం ఎస్‌యూవీ వెనక ఉన్న ఉక్కు బంతి మీద కూర్చుంటుంది. ఆ బంతిని కిందికి నొక్కే బరువును అమెరికాలో టంగ్ వెయిట్ అంటారు, తెలుగులో నొగబరువు అనవచ్చు. సరుకుతో కలిపి ట్రెయిలర్ మొత్తం బరువులో ఇది 10 నుంచి 15 శాతం ఉండాలని అక్కడి కంపెనీలు చెబుతాయి. 1,750 కిలోల ట్రెయిలర్‌కు 175 నుంచి 260 కిలోలన్నమాట. ఐరోపాలో దీనికన్నా బాగా తక్కువ నొగబరువుతోనే లాగుతారు. దానికి తగ్గట్టు వేగం మీద అక్కడ గట్టి పట్టు ఉంది. జర్మనీలో ట్రెయిలర్ ఉన్న కారుకు సాధారణ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు.

సమురాయ్‌ను ట్రెయిలర్ మీద ఏ మేరకు ముందుకు జరిపితే నొగబరువు ఎంత మారుతుందో తులాభారం లెక్కే చెబుతుంది. బంతి నుంచి ట్రెయిలర్ ఇరుసు దాకా మూడున్నర మీటర్లు ఉంటే, 950 కిలోల బండిని జానెడు ముందుకు జరిపినందుకే నొగబరువు 60 కిలోలకు పైగా పెరుగుతుంది. జానెడు వెనక్కి జరిపితే అంతే తగ్గుతుంది. కాబట్టి ఎక్కడ ఆపాలో ఒకసారి తూచి తేల్చుకుని, ట్రెయిలర్ చెక్క మీద రంగుతో గీత గీసుకోవడం ఉత్తమం.

వెనక బరువు ఎక్కువైన ట్రెయిలర్ హైవే మీద ఊగడం మొదలుపెడుతుంది. పక్కగాలి వీచినా, పెద్ద లారీ దాటిపోయినా ట్రెయిలర్ ఒక పక్కకు కొద్దిగా తిరుగుతుంది. టైర్లు దాన్ని మళ్లీ గాడిలోకి లాగుతాయి. లాగే ఊపులో అది అటు పక్కకు పోతుంది. తక్కువ వేగంలో ఈ ఊగిసలాట రెండు మూడు ఊపుల్లో చచ్చిపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఊపును అణిచే శక్తి తగ్గుతూ పోయి, ఒక వేగం దగ్గర సున్నా అవుతుంది. ఆ హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదాని కన్నా పెద్దదవుతుంది. చివరికి తోక కుక్కను ఆడించినట్టు ట్రెయిలర్ ఎస్‌యూవీనే అటూ ఇటూ విసిరి రోడ్డుకు అడ్డంగా తిప్పేస్తుంది.

ఈ హద్దు ఏ వేగం దగ్గర వస్తుందన్నది ట్రెయిలర్ మొత్తం బరువును మించి, ఆ బరువు పరుచుకున్న తీరును బట్టి ఉంటుంది. కారుకు తగిలించే ట్రెయిలర్ల మీద బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగాలు నొగబరువు, ఇరుసు స్థానం, బరువు రెండు కొసలకూ చెదిరి ఉండటం అనే మూడింటికీ పెద్ద పాత్ర ఉందని చూపాయి. మూడోది చాలామంది గుర్తించరు. ముందు కొసన టూల్‌బాక్సు, వెనక కొసన రెండు స్టెప్నీ టైర్లు పెడితే నొగబరువు సరిగ్గానే చూపవచ్చు. కానీ కొసల్లో బరువున్న కర్రను చేత్తో తిప్పి ఆపడం ఎంత కష్టమో, అలాంటి ట్రెయిలర్ ఊగితే ఆపడమూ అంతే కష్టం. బరువైన సామానంతా ఇరుసుకు దగ్గరలో పెట్టాలి.

ఊపు మొదలైతే యాక్సిలరేటర్ వదిలేసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకోవాలి. ట్రెయిలర్ బ్రేకులకు చేతిమీట ఉంటే దాన్ని మెల్లగా నొక్కాలి, ట్రెయిలర్ వెనక నుంచి బిగుసుకుని జత తిన్నగా సాగుతుంది. భయంతో ఎదురు తిప్పడం, ఎస్‌యూవీ బ్రేకు గట్టిగా తొక్కడం, వేగం పెంచి బయటపడాలనుకోవడం మూడూ ప్రాణాంతకమే. కొత్త ఎస్‌యూవీల్లో ఊపును పసిగట్టి, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఏర్పాటు ఉంటుంది. అది మేలైన సాయమే, అయితే తప్పుగా ఎక్కించిన బరువును అది సరిచేయలేదు.

నొగబరువు ఎస్‌యూవీకి మరో చిక్కు తెచ్చిపెడుతుంది. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన కాగితం మీద మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు ఎక్కించవచ్చో రాసి ఉంటుంది. ఈ తరహా ఎస్‌యూవీకి అది 550 కిలోలనుకుందాం. నలుగురు మనుషులు 300, పెట్టెలు 80, ట్రెయిలర్‌ను తగిలించే హిచ్ సామగ్రి 20, నొగబరువు 220 కిలోలు. మొత్తం 620. లాగే సామర్థ్యంలో ఇంకా 500 కిలోలు మిగిలే ఉన్నా, మోసే సామర్థ్యం అప్పుడే దాటిపోయింది. ట్రెయిలర్ లాగేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయే లెక్క ఇది.

పైగా బంతి ఉండేది వెనక ఇరుసుకు అవతల. బంతికీ వెనక ఇరుసుకూ మధ్య 1.2 మీటర్లు, ఇరుసుల మధ్య 2.8 మీటర్లు ఉంటే, 220 కిలోల నొగబరువు ముందు చక్రాల మీద నుంచి సుమారు 95 కిలోలు ఎత్తేస్తుంది. వెనక చక్రాల మీద దాదాపు 315 కిలోలు పడుతుంది. ముందు భాగం తేలికైతే స్టీరింగ్ పట్టు, బ్రేకు పట్టు తగ్గుతాయి, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి. దీనికి విరుగుడుగా స్ప్రింగు కడ్డీలతో బరువును తిరిగి ముందు ఇరుసు మీదికి నెట్టే హిచ్‌లు ఉన్నాయి. కొన్ని కంపెనీలు వాటిని తప్పనిసరి అంటాయి, కొన్ని వద్దంటాయి. బండితో వచ్చిన పుస్తకం చూడకుండా కొనకూడదు.

డెన్వర్ నుంచి మోయాబ్ దారిలో అసలు పరీక్ష ఐ-70 రహదారి మీది ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర ఎదురవుతుంది. దాని ఎత్తు 3,401 మీటర్లు. అక్కడ గాలి సముద్రమట్టం కన్నా దాదాపు 30 శాతం పలచన, కనుక టర్బో లేని ఇంజన్ శక్తి కూడా అంతే తగ్గుతుంది. మొత్తం 4,200 కిలోల జత 6 శాతం ఎత్తును గంటకు 80 కిలోమీటర్లతో ఎక్కడానికే 75 హార్స్‌పవర్ దాకా కావాలి. గాలిని చీల్చడానికీ టైర్ల రాపిడికీ అయ్యేది దానికి అదనం. ఈ శ్రమలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె బాగా వేడెక్కుతుంది. ట్రెయిలర్ లాగడానికని ఇచ్చే టో మోడ్ పెడితే గేర్లు మాటిమాటికీ మారకుండా, తక్కువ గేరులో నిలకడగా సాగుతాయి.

ఎక్కడం కన్నా దిగడమే గండం. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఈ జతను ఒకసారి ఆపితే బ్రేకుల్లో పుట్టే వేడి సుమారు 13 లక్షల జౌళ్లు, నాలుగు లీటర్ల నీళ్లు మరగడానికి సరిపోయేంత. సొరంగం దాటాక సిల్వర్‌తోర్న్ వైపు సుమారు 700 మీటర్ల లోతుకు దిగాలి. ఆ దిగుడంతా బ్రేకు మీదే కాలుంచితే ఇరవైసార్లకు పైగా పూర్తిగా ఆపినంత వేడి. బ్రేకులు కాలిపోయిన లారీల కోసం పక్కనే కంకర ఎత్తులు కట్టి ఉంచడం ఊరికే కాదు. తక్కువ గేరులో ఇంజన్ చేతే వేగాన్ని బిగబట్టించి, అప్పుడప్పుడు మాత్రమే బ్రేకు తొక్కి వదలాలి.

ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు కావాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు దాటిన ట్రెయిలర్‌కు వాటిని తప్పనిసరి చేశాయి, కాలిఫోర్నియాలో ఆ హద్దు 1,500 పౌండ్లే. విద్యుత్ బ్రేకులో అయస్కాంతం డ్రమ్ముకు అతుక్కుని పట్టీలను నెడుతుంది, ఎంత కరెంటు పంపాలో డ్రైవర్ దగ్గరున్న కంట్రోలర్ చూసుకుంటుంది. ట్రెయిలర్ ఊడిపోతే ఒక తీగ పిన్నును లాగేసి, చిన్న బ్యాటరీతో బ్రేకులు వాటంతటవే పడేలా చేస్తుంది. దాని కన్నా ముందు కాపాడేవి గొలుసులు. వాటిని నొగ కింద ఒకదానికొకటి అడ్డంగా, కత్తెర ఆకారంలో వేయాలి. అప్పుడు నొగ ఊడినా రోడ్డుకు గుచ్చుకోకుండా ఉయ్యాలలో పడినట్టు ఆగుతుంది.

సమురాయ్‌ను నాలుగు పట్టీలతో నాలుగు మూలలకూ కట్టాలి. పట్టీని ఛాసిస్‌కు కాకుండా ఇరుసుకు గానీ చక్రానికి గానీ వేయాలి. ఛాసిస్‌కు వేస్తే, గతుకుల్లో కమాను పట్టీలు దిగి లేచినప్పుడల్లా పట్టీ వదులై బిగుస్తుంది, కొక్కెం జారిపోవచ్చు. ట్రెయిలర్ టైర్లలో చాలావాటిని గంటకు 105 కిలోమీటర్ల వేగానికే తయారుచేస్తారు, గాలి తక్కువైతే అంత వేగం లోపే వేడెక్కి పగులుతాయి.

వెనక్కి నడపడం మొదట్లో తికమక పెడుతుంది, ఎందుకంటే స్టీరింగ్ తిప్పిన వైపుకు వ్యతిరేకంగా ట్రెయిలర్ తిరుగుతుంది. చేతిని స్టీరింగ్ అడుగున ఉంచితే చెయ్యి ఎటు జరిగితే ట్రెయిలర్ అటే పోతుంది. మన ఊళ్లలో ట్రాక్టరు తొట్టిని ఇరుకు సందులోకి వెనక్కి పెట్టే డ్రైవర్లకు ఈ విద్య చేతివేళ్లలో ఉంటుంది.

ఊహలతో బయల్దేరకుండా జతను ఒకసారి కాటా ఎక్కించాలి. అమెరికాలో లారీలు ఆగే చోట్ల ఎస్‌యూవీ ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసు మూడింటినీ విడివిడిగా తూచే కాటాలు దొరుకుతాయి. ట్రెయిలర్ తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి ఎస్‌యూవీని తూస్తే ఆ తేడాయే నొగబరువు. బయల్దేరిన 40, 50 కిలోమీటర్లకే మొదటిసారి ఆగి పట్టీలు బిగించి, గొలుసులు, చక్రాల నట్లు చూసి, ట్రెయిలర్ చక్రాల నడిమి భాగానికి చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. మిగతావాటి కన్నా ఒకటి మాత్రం బాగా వేడిగా ఉంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేసిందని అర్థం, అది బాగయ్యేదాకా ముందుకు కదలవద్దు.