ఋషివ్యాలీ కాలపట్టిక

ప్రధానోపాధ్యాయుని గదిలో, బీరువా ప్రక్కనో హాజరుపట్టీల బల్లకు ఎదురుగానో గోడకు వ్రేలాడు టైంటేబులు అట్టను, ఆ గదికి వచ్చిపోవు తల్లిదండ్రులలో శ్రద్ధగా చదువువారు బహు అరుదు. ఆశయములను చెక్కించిన ఫలకము వాకిటనే కన్పించును. గెలిచిన కప్పులు అద్దాల బీరువాలో మెరయుచుండును. గత సంవత్సరపు ఉత్తీర్ణతా శాతము రంగుల అక్షరములతో ప్రహరీగోడపై నిలిచియుండును. కాని ఆ పాఠశాల తన పిల్లలను ఏ విధముగా తీర్చిదిద్దదలచినదో నిజముగా తెలుపు పత్రము ఆ అట్ట యొక్కటే. దినమునకు ఎనిమిది పీరియడ్ల చొప్పున ఆరు దినములకు 48 పీరియడ్లు. వానిలో గణితమునకెన్ని, మాతృభాషకెన్ని, చిత్రలేఖనమునకు ఒక్కటైనను కలదా, డ్రిల్లు పీరియడు చల్లని వేళ నున్నదా మిట్టమధ్యాహ్నపుటెండలో నున్నదా, అన్నిటికంటె ముఖ్యముగా, జనవరి వచ్చి స్పెషల్ క్లాసులు మొదలు కాగానే వీనిలో మొట్టమొదట మాయమగునవి యెవ్వి అని విచారించినచో, ఆ విద్యాలయపు తత్త్వమంతయు బోధపడును.

ఏ పాఠములు చెప్పవలెను, ఏ పుస్తకములు చదివింపవలెను అను విషయమున పాఠశాలకు స్వేచ్ఛ తక్కువ. సిలబసును బోర్డు నిర్ణయించును. పుస్తకములను రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ వంటివి వ్రాయించును. ప్రశ్నపత్రమును పరీక్షల శాఖ తయారుచేయును. పాఠశాల చేతిలో మిగులునది కాలము. తొమ్మిది గంటలు మొదలు సాయంకాలము వరకు, వసతిగృహము కలదైనచో నిద్రలేచినది మొదలు దీపములార్పువరకు గల గంటలను ఎట్లు పంచవలెనను నిర్ణయము మాత్రము ఉపాధ్యాయులదే. కావున, విద్యాప్రణాళికా రచన యనగా మాధ్యమిక పాఠశాల వరకు కాలవిభజనమే యని చెప్పుటకు నేను సంకోచింపను.

స్వాతంత్ర్యము వచ్చిన తొలి దినములలో ఈ విషయమును పెద్దలు గ్రహింపక పోలేదు. 1952లో భారతప్రభుత్వము మద్రాసు విశ్వవిద్యాలయపు వైస్ ఛాన్సలరు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారుగారి అధ్యక్షతన మాధ్యమిక విద్యాసంఘమును నియమించెను. మరుసటి సంవత్సరము ఆ సంఘము సమర్పించిన నివేదికలో, భాషలు, సాంఘికశాస్త్రము, సామాన్యవిజ్ఞానము, ఒక చేతివృత్తి అందరికిని సమానముగా నుండవలెననియు, ఆపై మానవీయశాస్త్రములు, విజ్ఞానశాస్త్రములు, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు శాఖలలో విద్యార్థి తన అభిరుచి ననుసరించి ఒకదానిని ఎన్నుకొనవలెననియు సూచింపబడెను. ఆ సూచన ఫలితముగనే మన పట్టణములలో బహుళార్థసాధక పాఠశాలలు వెలసినవి. మల్టీపర్పస్ హైస్కూలు అను పేరు నేటికిని కొన్నియూళ్ళ గేట్లపై మిగిలియున్నది. పేరు మిగిలినది గాని, మగ్గములు, వడ్రంగపు బల్లలు పలుచోట్ల గోదాములకు చేరినవి. చేతిపనికి మార్కులు లేవు. మార్కులు లేని పీరియడును గణితోపాధ్యాయుడు అప్పు అడుగును. అట్లు అడిగి తీసికొన్న అప్పును తిరిగి తీర్చిన గణితోపాధ్యాయుని గూర్చి నేను వినియుండలేదు.

ఈ అప్పుబేరమునకు దాదాపు తొంబదియేండ్లుగా లొంగక నిలిచిన పాఠశాల యొకటి మన రాయలసీమలోనే కలదు. మదనపల్లె పట్టణమునకు పదునైదు కిలోమీటర్లకు పైబడిన దూరమున, కురబలకోట మండలములో, చుట్టును బండరాళ్ళ గుట్టలు క్రమ్మిన లోయలో ఋషివ్యాలీ పాఠశాల యున్నది. దాపుననే హార్స్‌లీ కొండలు, ఎదుట ఋషికొండ. ఆ కొండపై పూర్వము ఋషులు తపము చేసిరను ఐతిహ్యము వలననే లోయకు ఆ పేరు వచ్చినదందురు. 1895లో మదనపల్లెలో జన్మించి, దివ్యజ్ఞాన సమాజపు పెంపకములో పెరిగి, 1929లో తనను జగద్గురువుగా నిలుపుటకై వెలసిన సంఘమును తానే రద్దుచేసిన జిడ్డు కృష్ణమూర్తిగారు దీని స్థాపకులు. అక్కడి మహావటవృక్షమును చూచి వారు ఈ స్థలమును వరించిరని చెప్పుకొందురు. 1926లో సంకల్పము జరిగినది. 1930ల ఆరంభమునకు బడి లోయలో కుదురుకొన్నది. గ్వాలియరు సింధియా పాఠశాలను నడిపిన అనుభవము గల ఎఫ్.జి. పియర్స్‌గారు 1950ల ప్రాంతమున ప్రధానాచార్యులుగా వచ్చి వసతివిద్యకు కుదుటైన రూపు నిచ్చిరి. కృష్ణమూర్తిగారు చలికాలములో వచ్చి, పిల్లలతోను ఉపాధ్యాయులతోను సంభాషించి పోవు వాడుక 1985 వరకు సాగినది. ఆ మరుసటి ఫిబ్రవరిలో వారు కాలిఫోర్నియాలోని ఓహాయిలో కన్నుమూసిరి.

ఇంతటి స్వతంత్రచింతకుని బడి పరీక్షలకు అతీతముగా నుండునని ఊహించువారికి ఆశాభంగము తప్పదు. కేంబ్రిడ్జి పరీక్షల స్థానమున 1958లో ఏర్పడిన భారతీయ పాఠశాల ధ్రువపత్ర పరీక్షల మండలికి ఈ బడి అనుబంధము. పదవ తరగతికి ఐ.సి.యస్.ఇ., పన్నెండవ తరగతికి ఐ.యస్.సి. పరీక్షలను ఇచటి పిల్లలును వ్రాయుదురు. ఆంగ్లము, ద్వితీయభాష, చరిత్ర, భూగోళము, గణితము, విజ్ఞానశాస్త్రములు అన్నియు అందరికివలెనే వారికిని కలవు. భేదము పాఠ్యవిషయములలో లేదు. పరీక్ష ఏ తరగతి నుండి ఆరంభము కావలెను, పరీక్షకు సంబంధింపని గంటలను ఎవరు కాపాడవలెను అను రెండు నిర్ణయములలో నున్నది. చిన్న తరగతులలో పరీక్షలు లేవు, ర్యాంకులు లేవు; వార్షికోత్సవమున ప్రథమునికి కప్పు నిచ్చి కడవాని చిన్నబుచ్చు వేడుకయు లేదు. పోటీ వలన భయము కలుగును, భయము గల చిత్తము నేర్చుకొనజాలదు అను కృష్ణమూర్తిగారి వాదమును అంగీకరింపనివారు సయితము, ప్రోగ్రెస్ కార్డు ఇంటికి తెచ్చు దినమున మన పిల్లల ముఖములను ఒకసారి పరకాయించి చూచినచో, ఆ వాదమును త్రోసిపుచ్చుటకు కొంత తటపటాయింతురు.

ఇక ఆ గంటల మాట. ప్రొద్దుట పాఠశాల యంతయు ఒకచోట కూర్చుండి శ్లోకములు, పాటలు పాడును. సాయంకాలము ఆటలైన పిమ్మట, పెద్దపిల్లలు ఒక మిట్టపై కూర్చుండి సూర్యుడు క్రుంకు వరకు మాటాడక చూచు ఆచారము కలదు, దానిని అస్తాచలమందురు. అక్కడ ప్రార్థన లేదు, ఉపన్యాసము లేదు, చేయవలసిన పని యేదియు లేదు. పదునాలుగేండ్ల బాలునికి ఏమియు చేయకుండుటకై సమయము కేటాయించిన బడి మనదేశములో మరియెన్ని గలవో చెప్పజాలను. జానపదనృత్యము ఇచట కళాకారుల సొత్తు కాదు. పిల్లలు, ఉపాధ్యాయులు కలసి వలయములుగా ఆడుదురు. అడుగు తప్పినవాడును ఆడును. వసతిగృహములలో గృహపాలకులుగా ఉపాధ్యాయులే కాపురముండుటచే, ఉదయము తరగతిలో బీజగణితము చెప్పిన వ్యక్తియే రాత్రి జ్వరము వచ్చిన పిల్లవాని ప్రక్కన కూర్చుండును. కల్చర్ క్లాసు అని పిలుచు పీరియడొకటి కలదు. అసూయ, భయము, వార్తాపత్రికలో చదివిన యుద్ధము, స్నేహితుని మోసము వంటివి అందు చర్చకు వచ్చును; దానికి పుస్తకము లేదు, పరీక్ష లేదు. మన బడులలో నీతిబోధ పీరియడు కంటె ఇది మేలని నా అభిప్రాయము. ఏలయన నీతిబోధలో ఉపాధ్యాయునికి సమాధానము ముందే తెలిసియుండును.

పక్షుల సంగతి కొంత విపులముగా చెప్పదగినది. ఒకప్పుడు ఆ లోయ, చుట్టుగుట్టలు కరవుసీమకు తగినట్లు బోడిగా నుండెడివి. పాఠశాలవారు చెట్లు నాటి, పశువుల మేతను అరికట్టి, వాననీరు ఇంకుటకు కుంటలు త్రవ్వించి దశాబ్దములు శ్రమింపగా పచ్చదనము మరలివచ్చెను. దానివెంట పిట్టలు వచ్చెను. 1991లో ఆ ప్రాంతము పక్షి సంరక్షణస్థలముగా ప్రకటింపబడెను. దక్షిణాపథపు రాతిగుట్టలలో తప్ప వేరొకచోట కానరాని పసుపుగొంతు పికిలిపిట్ట ఇచటి పొదలలో నున్నది. ఎస్. రంగస్వామిగారు పక్షిశాస్త్రమును ఉత్తరముల ద్వారా దేశమంతటి ఔత్సాహికులకు నేర్పు పాఠ్యక్రమమును ఇచటినుండియే నడపిరి. ఇందువలన పాఠశాలకు కలిగిన లాభము జీవశాస్త్రమునకు పరిమితము కాదు. పిట్టను చూచిన పిల్లవాడు తేదీ, వేళ, చెట్టు, గాలి వ్రాసికొనవలెను. వలసదారి తెలియుటకు పటము చూడవలెను. ఏటేట లెక్కలు సరిపోల్చవలెను. పిట్ట కూతను మాటలలో పెట్టుటకు భాషతో పెనుగులాడవలెను. నాలుగు పాఠ్యాంశముల సిలబసు ఒక్క ఉదయపు నడకలో కలసిపోయినది. ఇట్టి సమన్వయము పుస్తకరచయితలు గదిలో కూర్చుండి కల్పింపగా రాదు. లోయలో పిట్టలుండవలెను, లేదా మన ఊరిలో నున్నదేదో దానిని చూడవలెను.

ఈ బడిలో బోధించిన ఆంగ్లేయుడు డేవిడ్ హార్స్‌బరోగారు 1972లో సమీప కర్ణాటక గ్రామసీమలో నీల్‌బాగ్ అను చిన్న పాఠశాలను నెలకొల్పి, తరగతుల విభజన లేకుండ, వివిధ వయస్కులగు పల్లెపిల్లలను ఒకేచోట చదివించిరి. ఆ గాలి మరల లోయకు వీచినది. 1980ల చివర ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రములో వై.ఎ. పద్మనాభరావుగారు, ఎ. రమాగారు ఒక్క ఉపాధ్యాయుడే ఐదు తరగతులను నడుపు పల్లెబడులకు అనువగు పద్ధతిని రూపొందించిరి. పాఠ్యపుస్తకమును వారు వందలకొలది చిన్నకార్డులుగా విడగొట్టిరి. కొన్ని కార్డులు క్రొత్త విషయమును పరిచయము చేయును, కొన్ని అభ్యాసము చేయించును, కొన్ని పిల్లవాడు నేర్చినదానిని పరిశీలించును, వెనుకబడినవారికి వేరుగను ముందుబడినవారికి వేరుగను మరికొన్ని కలవు. వీనిని మైలురాళ్ళుగా కూర్చి గోడపై నిచ్చెన పటముగా వ్రేలాడదీయుదురు. ప్రతి కార్డునకును గుర్తుగా ఒక చిన్నబొమ్మ యుండుటచే, బాలుడు తానున్న మెట్టును తానే గుర్తించి, కావలసిన కార్డును తానే తీసికొని, ఉపాధ్యాయుని యొద్ద కూర్చుండవలసిన గుంపునకో, తోటివారితో చేయు గుంపునకో, ఒంటరిగా చేయు గుంపునకో పోవును. పదిదినములు జ్వరముతో మానినవాడు మరల వచ్చినచో, తాను విడిచిన మెట్టుననే మొదలిడును. తరగతి అతనిని విడిచిపోలేదు. మెట్రిక్ మేళా యను సంతలో పిల్లలు ఊరివారి ఎత్తులు కొలిచి, సరకులు తూచి, పైకము లెక్కించి గణితమును నడివీధికి తెత్తురు. 1995లో కర్ణాటకమున మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలైన నలి-కలి పథకమునకును, 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలో ప్రవేశించిన కృత్యాధార పద్ధతికిని మూలము ఈ కార్డులే.

ఇంత చెప్పిన మీదట ఒక చేదునిజమును దాచరాదు. లోయలోని పెద్దబడి రుసుమును చెల్లింపగల కుటుంబములు మన రాష్ట్రములలో బహు స్వల్పము; విద్యార్థివేతనములు కొన్ని యున్నను అవి ఆ వ్యత్యాసమును చెరపజాలవు. పల్లెపిల్లలకు కార్డుల బడి, పట్టణపు సంపన్నుల పిల్లలకు అస్తాచలము అను విమర్శ కలదు. అది పూర్తిగా అన్యాయమని నేననను. మరియు ఆ నిచ్చెన ఐదవ తరగతి దాటి ఉన్నతపాఠశాలకు నిలకడగా ఎక్కకపోవుట గమనింపదగినది. పై తరగతులలో విషయమునకొక ఉపాధ్యాయుడు. గంట మ్రోగగానే అతడు వెడలిపోవును. పిల్లలందరును ఒకే దినమున ఒకే ప్రశ్నపత్రము వ్రాయవలెను. ఎవని నడక వానిదను పద్ధతి ఆ తేదీ యెదుట నిలువలేదు.

కాని అస్తాచలమునకు, పిట్టల లెక్కకు, చర్చాసమయమునకు రుసుముతో పనిలేదు. జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో సైతము వారమునకు రెండు పీరియడ్లు జంటగా కలిపి, సామాన్యశాస్త్రోపాధ్యాయుడు, సాంఘికోపాధ్యాయుడు, తెలుగు పండితుడు ముగ్గురును ఎనిమిదవ తరగతిని ఊరిచెరువునకు తీసికొనిపోయి, నీటిమట్టము కొలిపించి, తూము కట్టినవారెవరో పెద్దలనడిగించి, దానిపై వ్యాసము వ్రాయింపవచ్చును. అనుమతికై పై అధికారుల కడకు పోనక్కరలేదు, నిధులక్కరలేదు. అయితే ఆ జంట పీరియడ్లను మార్చి వరకు ఎవరికిని బదులియ్యరాదని జూన్ నెలలోనే ఉపాధ్యాయ సమావేశపు మినిట్సు పుస్తకములో వ్రాసి, అందరిచేతను సంతకములు చేయించుకొనుట మంచిది. ఏలయన జనవరి రెండవ వారమున, సంక్రాంతి సెలవులకు ముందే, గణితము చెప్పువారు తప్పక వచ్చి అడుగుదురు.