కంప్యూటరు నాడిని చూపు చిన్న తెర

వైద్యుడు రోగి నాడిని పట్టి చూచును. ఉష్ణమాపకముతో జ్వరమును కొలుచును. ఆవిరి ఇంజను నడుపువాని యెదుట పీడనమును తెలుపు ముల్లు ఉండెడిది. అది ఎఱ్ఱ గీటును సమీపించినచో అతడు వెంటనే జాగ్రత్త పడెడివాడు. కంప్యూటరునకు కూడ ఇట్టి కొలతలు అనేకము కలవు. కాని అవి సాధారణముగా కంటికి కనబడవు. వాటిని చూడవలెనన్న, చేయుచున్న పనిని ఆపి తెరపై వేరొక కిటికీని తెరువవలెను. ఆట ఆడుచున్నప్పుడు గాని, పెద్ద లెక్క నడచుచున్నప్పుడు గాని తెర యంతయు ఆ పనితోనే నిండియుండును. ఈ ఇబ్బందిని తొలగించుటకు కీబోర్డు మీదనే ఒక చిన్న తెరను అమర్చు పద్ధతి వాడుకలోనికి వచ్చినది.

స్విట్జర్లాండులో 1981లో స్థాపింపబడిన లాజిటెక్ సంస్థ 2005లో జి15 అను కీబోర్డును విడుదల చేసినది. కంప్యూటరు ఆటలాడువారిని ఉద్దేశించి చేసిన ఈ కీబోర్డు పైభాగమున ఒక చిన్న తెరయు, దాని క్రింద కొన్ని చిన్న మీటలును కలవు. 2009లో వచ్చిన జి19లో రంగుల తెరను అమర్చిరి. 2019లో స్టీల్‌సీరీస్ సంస్థ తన అపెక్స్ ప్రో కీబోర్డుపై తమంత తామే వెలుగు చుక్కలు గల తెరను పెట్టినది. ఈ తెరలపై ఆటలోని సమాచారమునే కాక, యంత్రము యొక్క స్థితిని కూడ చూపవచ్చును. అట్లు చూపుటకు ఏమి అమర్చవలెను? చూపిన అంకెను ఎట్లు అర్థము చేసికొనవలెను? ఈ రెండు ప్రశ్నలలో రెండవదియే ముఖ్యమైనది.

తెర యొక్క నిర్మాణము

జి15 తెర ద్రవస్ఫటికములతో చేయబడినది. ద్రవమువలె ప్రవహించుచునే స్ఫటికమువలె క్రమము గలిగియుండు ఈ పదార్థములను 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ రైనిట్జర్ మొదట గమనించెను. విద్యుత్తు సోకినప్పుడు వాటి అణువుల అమరిక మారును. అందువలన వెలుతురు ఆ చోట సాగిపోవుటయో, ఆగిపోవుటయో జరుగును. ఆ విధముగా తెరపై చుక్కలు నల్లగా కనబడును.

ఈ తెరలో అడ్డముగా 160, నిలువుగా 43 చుక్కలు కలవు. 160ని 43చే గుణించినచో 6,880 చుక్కలగును. ప్రతి చుక్కయు నలుపో, కాదో తెలుపుటకు ఒక బిట్టు చాలును. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక తెర మొత్తమునకు 860 బైట్లు చాలవలెను. కాని కంప్యూటరు నిజముగా పంపు మూట 992 బైట్లు. ఈ తేడా ఎట్లు వచ్చెను? చుక్కలను ఎనిమిదేసి వరుసల పట్టీలుగా పంపుదురు. 43 వరుసలకు ఇట్టి పట్టీలు ఆరు కావలెను. ఆరు పట్టీలనగా 48 వరుసలు. అందు ఐదు వరుసలు వ్యర్థము. 160ని 48చే గుణించి 8చే భాగించినచో 960 బైట్లు వచ్చును. మూటకు ముందు శీర్షికగా మరి 32 బైట్లు చేరును. మొత్తము 992. తెరపై ఒక్క చుక్క మారినను ఈ మూట యంతయు యు.ఎస్.బి. తీగ ద్వారా తిరిగి వెళ్లును.

సమాచారము వచ్చు దారి

తెరపై కనబడు అంకె కీబోర్డులో పుట్టదు. ప్రాసెసరు లోపల ఉష్ణోగ్రతను కనిపెట్టు సెన్సర్లు కలవు. సిలికాన్ డయోడు గుండా స్థిరమైన విద్యుత్తును పంపినచో, వేడిమి ఒక డిగ్రీ పెరిగినపుడు దాని కొసల మధ్య ఓల్టేజి సుమారు రెండు మిల్లీ ఓల్టులు తగ్గును. ఈ తగ్గుదలను బట్టి వేడిమిని లెక్కింపవచ్చును. పంకా నుండి వచ్చు ఒక తీగ సాధారణముగా పంకా ఒకసారి తిరిగినపుడు రెండు విద్యుత్ స్పందనలను పంపును. సెకండుకు 40 స్పందనలు వచ్చినచో పంకా సెకండుకు 20 సార్లు, అనగా నిమిషమునకు 1,200 సార్లు తిరుగుచున్నదన్న మాట.

ఈ కొలతలను కంప్యూటరును నడుపు మూల వ్యవస్థ సేకరించును. లైనక్సు వ్యవస్థలో ఇవి మామూలు ఫైళ్ల రూపమున లభించును. ప్రాక్ అను ఫోల్డరులోని ఈ ఫైళ్లు డిస్కుపై ఎచ్చటను వ్రాయబడి యుండవు. ఎవరైన తెరచి చదివినప్పుడే వ్యవస్థ వాటిని కూర్చి ఇచ్చును. ఉష్ణోగ్రతలు వేరొక ఫోల్డరులో, డిగ్రీలో వెయ్యవ వంతులుగా ఉండును. కావున 45000 అని కనబడినచో విద్యార్థి కంగారు పడరాదు. అది 45 డిగ్రీలు మాత్రమే.

అమర్చు విధానము

విండోస్ వ్యవస్థలో జి15 తెరకు కావలసిన ప్రోగ్రామును తయారీదారులే సమకూర్చిరి. ప్రాసెసరు, మెమొరీల వాడకమును పట్టీలుగా చూపు భాగము అందులోనే కలదు. లైనక్సులో ఎల్‌సీడీప్రాక్ అను స్వేచ్ఛా ప్రోగ్రామును వాడవచ్చును. దీనియందు రెండు భాగములు కలవు. ఒకటి తెరను తన అధీనమున ఉంచుకొను సర్వరు. రెండవది కొలతలను చదివి సర్వరునకు అందించు క్లయింటు. తపాలా ఆఫీసునకు ఉత్తరములు అనేకులు తెచ్చి ఇచ్చినట్లు, ఒకే సర్వరునకు అనేక క్లయింట్లు తమ పుటలను పంపవచ్చును. సర్వరు వాటిని వంతులవారీగా తెరపై చూపును.

అమరిక అంతయు రెండు ఫైళ్లలో జరుగును. సర్వరు ఫైలులో ఏ తెరకు చెందిన డ్రైవరును వాడవలెనో వ్రాయవలెను. ఇక్కడ దాని పేరు జి15. ఒక్కొక్క పుట ఎన్ని సెకండ్లు నిలువవలెనో, ఏ మీట నొక్కినచో తరువాతి పుట రావలెనో కూడ అందే నిర్ణయింపవచ్చును. క్లయింటు ఫైలులో ప్రాసెసరు, మెమొరీ, డిస్కు, గడియారము మొదలగు పుటలకు వేరువేరు ఖండములు కలవు. కావలసినదానిని చేతనముగను, అక్కఱలేనిదానిని అచేతనముగను గుర్తింపవలెను. అన్నింటిని చేతనము చేయుట పొరపాటు. ఈ తెరపై వరుసకు 20 అక్షరముల చొప్పున ఐదు వరుసలు మాత్రమే పట్టును. పది పుటలు తిరుగుచుండగా కావలసిన అంకె కొఱకు కనిపెట్టుకొని యుండవలసి వచ్చును. రెండు మూడు పుటలు చాలును.

సర్వరు, క్లయింట్లు 13666 అను సంఖ్య గల ద్వారము గుండా సాదా మాటలతో సంభాషించుకొనును. క్లయింటు మొదట ‘హెలో’ అని పలుకరించును. సర్వరు తన తెర వెడల్పును, ఎత్తును బదులు చెప్పును. తరువాత క్లయింటు ఒక పుటను కోరి, దానిపై అక్షరములను వ్రాయించును. ప్రోగ్రాము వ్రాయుట నేర్చుకొనుచున్న ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ ఉష్ణోగ్రతను చూపు చిన్న క్లయింటును స్వయముగా వ్రాసికొనగలడు.

తెర ఖాళీగా ఉన్నచో దారిని ఒక కొస నుండి పరీక్షింపవలెను. తీగ సరిగా తగిలించబడినదా? సర్వరు నడచుచున్నదా? డ్రైవరు పేరు సరిగా వ్రాయబడినదా? క్లయింటు నడచుచున్నదా? సర్వరు తన స్వాగతపు పుటను చూపుచు, కొలతలను మాత్రము చూపకున్నచో లోపము క్లయింటు వైపున ఉన్నదని గ్రహింపవచ్చును.

అంకెల అర్థము

ప్రాసెసరు నూటికి ఇంత వంతు పని చేయుచున్నదని తెరపై కనబడును. అయితే ఏ ఒక్క క్షణమునందును ప్రాసెసరు నూటికి 25 వంతులు పని చేయదు. ఆ క్షణమున పని చేయుచుండును, లేదా ఊరకుండును. మరి 25 ఎక్కడి నుండి వచ్చెను? లైనక్సు వ్యవస్థ యంత్రమును తెరచినది మొదలు, పనిలో గడచిన కాలమును, ఊరక గడచిన కాలమును సెకండులో నూరవ వంతులుగా లెక్క పెట్టుచుండును. ఒక ప్రాసెసరు లెక్కలో మొత్తము 10,000 ఉండి, అందు ఊరక గడచినవి 8,000 అనుకొందము. రెండు సెకండ్ల తరువాత మొత్తము 10,200. ఊరక గడచినవి 8,150. ఈ నడుమ గడచిన 200 వంతులలో 150 ఊరక పోయినవి. 50 పనిలో గడచినవి. కావున వాడకము నూటికి 25. అనగా ఇది రెండు లెక్కల తేడా మాత్రమే.

దీనిని బట్టి ఎంత తరచుగా కొలువవలెననునది కూడ తెలియును. ఐదు సెకండ్లకు ఒకసారి చూచినచో, ఒక సెకండు పూర్తిగా పని చేసి నాలుగు సెకండ్లు ఊరకున్న ప్రాసెసరు నూటికి 20 మాత్రమే చూపును. క్షణకాలపు ఒత్తిడి అందు దాగిపోవును. అట్లని మరీ తరచుగా చూచినచో అంకెలు చదువుటకు వీలు లేకుండ గంతులు వేయును. కొలుచుటయే యంత్రమునకు ఒక పని యగును. సామాన్యముగా ఒకటి రెండు సెకండ్ల ఎడము చాలును.

మెమొరీ విషయమున పొరపాటు మరింత సులభము. ఖాళీ మెమొరీ తక్కువగా ఉన్నదని చూచి, యంత్రము చాలదని పలువురు భావింతురు. కాని వాడని మెమొరీలో వ్యవస్థ ఇంతకు ముందు చదివిన ఫైళ్లను దాచి పెట్టుకొనును. అవసరము వచ్చినపుడు దానిలో అధిక భాగమును తిరిగి ఇచ్చివేయును. పండుగ నాడు ఇంటిలోని ఖాళీ గదిలో సామాను పెట్టుకొని, చుట్టములు రాగానే తీసివేసినట్లే ఇదియును. కావున ఖాళీ మెమొరీని కాక, లభ్యమగు మెమొరీని చూడవలెను. లైనక్సులో ఈ అంకెను 2014 నుండి వేరుగా ఇచ్చుచున్నారు.

కంగ్టి వేసవిలో ఒక లెక్క

ఉష్ణోగ్రత విషయమున ఈ జాగ్రత్త మరింత అవసరము. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతమున గల కంగ్టిలో ఒక గదిలో కంప్యూటరు ఉన్నదనుకొందము. చలికాలపు ఉదయమున గది వేడిమి 20 డిగ్రీల సెంటిగ్రేడు. మే నెల మధ్యాహ్నమున 42 డిగ్రీలు. ప్రాసెసరును చల్లబరచునది గదిలోని గాలియే గనుక, మామూలు పంకా దానిని ఆ గాలి కంటె చల్లగా చేయలేదు. గాలి కంటె ప్రాసెసరు ఎంత వేడెక్కుననునది అది ఖర్చు చేయు విద్యుత్తు పైనను, వేడిమి బయటకు పోవుటకు గల అడ్డు పైనను ఆధారపడియుండును.

ప్రాసెసరు 60 వాట్లు ఖర్చు చేయుచున్నదనియు, వాటునకు అర డిగ్రీ చొప్పున వేడి పెరుగుననియు అనుకొందము. పెరుగుదల 30 డిగ్రీలు. చలికాలమున తెరపై 50 డిగ్రీలు, వేసవిలో 72 డిగ్రీలు కనబడును. యంత్రము అదే; పని అదే; ఆరోగ్యమును అదే. ఇప్పుడు పంకాలో దుమ్ము పేరుకొని, వాటునకు 0.8 డిగ్రీ చొప్పున పెరుగుచున్నదనుకొందము. పెరుగుదల 48 డిగ్రీలగును. చలికాలమున తెరపై కనబడునది 68 డిగ్రీలు.

ఈ రెండు అంకెలను పోల్చి చూడుడు. మే నెలలోని 72 ఆరోగ్యమును తెలుపుచున్నది. చలికాలములోని 68 జబ్బును తెలుపుచున్నది. అంకెను మాత్రమే నమ్మినవాడు మంచి యంత్రమును వేసవిలో బాగుచేయించుటకు పంపును. దుమ్ము పట్టినదానిని చలికాలమున నిశ్చింతగా వాడును. ఆ దుమ్ముతోనే వేసవి వచ్చినచో వేడిమి 90 డిగ్రీలగును. అనేక ప్రాసెసర్లు 100 డిగ్రీల ప్రాంతమున తమను తాము కాపాడుకొనుటకు వేగమును తగ్గించుకొనును. అంతకు మించినచో యంత్రము ఆగిపోవును. పరీక్షల వేళ, ఫలితములు నమోదు చేయు వేళ ఇట్లు జరిగినచో కలుగు నష్టము ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కఱలేదు.

పెట్టె లోపలి గాలి గది గాలి కంటె కొంత వేడిగా ఉండును గనుక నిజమైన అంకెలు కొంత మారవచ్చును. పద్ధతి మాత్రము మారదు. గోడకు ఒక సాధారణ ఉష్ణమాపకమును తగిలింపవలెను. ప్రతి నెలయు ఒకే పనిని పది నిమిషములు నడిపి, తెరపై అంకె నుండి గది వేడిమిని తీసివేసి పుస్తకమున వ్రాసికొనవలెను. ఈ తేడా నెల నెలకు పెరుగుచున్నచో, యంత్రమును ఆపి, తీగ ఊడదీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. ఇందుకు కీబోర్డుపై తెరయే ఉండవలెనను నియమము లేదు. ఏ కంప్యూటరులోనైనను ఉష్ణోగ్రతను చూపు ప్రోగ్రామును పెద్ద తెరపైనే తెరచి చూడవచ్చును. చిన్న తెర చేయు మేలు, అంకెను ఎల్లప్పుడు కంటి యెదుట నిలుపుటయే.

చిన్న తెరపై తెలుగు

ఎనిమిది చుక్కల ఎత్తు గల గడిలో ఆంగ్లాక్షరము హాయిగా ఇముడును. తెలుగు అక్షరమునకు తలకట్టు, గుడి పైన ఉండును. ఒత్తు క్రిందికి దిగును. ఈ మూడంతస్తులకు ఎనిమిది చుక్కలు చాలవు. పదునాఱు చుక్కలు ఇచ్చినచో 43 చుక్కల ఎత్తులో రెండు వరుసలు మాత్రమే పట్టును. అయినను ‘వేడి’, ‘పని’ వంటి ఒత్తులు లేని చిన్న మాటలను ఎన్నుకొని, ఒక్కొక్క చుక్కను గళ్ల కాగితముపై గుర్తించి, వాటిని బొమ్మలుగా తెరపై చూపవచ్చును. ఇది విద్యార్థులకు మంచి అభ్యాసము.

వైద్యుడు నాడిని ఒకసారి పట్టి చూచి ఊరకొనడు. రోగి వయస్సును, అప్పుడే నడచి వచ్చెనా అను విషయమును కూడ విచారించును. యంత్రపు నాడి విషయమునను అంతే. తెరను అమర్చుట ఒక పూట పని. దానిపై కనబడు ప్రతి అంకెను దేనితో పోల్చి చూడవలెనో తెలిసికొనుటయే అసలైన అమరిక.