పెన్ను నొక్కాం సరే, మందు లోపలికి పోయిందా?



చక్కెర జబ్బుకు ఇన్సులిన్ ఇంట్లోనే వేసుకునేవాళ్ళు మన బళ్ళారి చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్నారు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రవాడికి ఈ మందు మొదటిసారి ఇచ్చిననాడు సిరంజి తప్ప వేరే దారి లేదు. 1985లో డెన్మార్క్ కంపెనీ ఒకటి ఇన్సులిన్ పెన్ను తెచ్చింది. అంకె తిప్పి, బొత్తాం నొక్కితే సరి.

చూడ్డానికి ఇంత సులువు. చిక్కంతా అక్కడే ఉంది. బొత్తాం నొక్కాం కాబట్టి మందు పోయిందనుకుంటాం. సగమే పోయి ఉండవచ్చు. షుగరు తగ్గదు. డాక్టరుగారు మోతాదు పెంచుతారు. ఏదో ఒకనాడు ఆ పెంచిన మందంతా సరిగ్గా లోపలికి పోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, చివరికి స్పృహ కూడా తప్పవచ్చు.

మరి ఏం చేయాలి? పాలలా తెల్లగా ఉండే మందైతే ముందు పెన్నును అరచేతుల మధ్య మెల్లగా పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయండి. ప్రతిసారీ కొత్త సూది బిగించండి. రెండు యూనిట్లు తిప్పి, సూది పైకి పెట్టి నొక్కండి. కొనమీద చుక్క కనబడితేనే దారి తెరుచుకున్నట్టు. తర్వాత మీ మోతాదు తిప్పి, సూది గుచ్చి, కిటికీలో సున్నా వచ్చేదాకా నొక్కండి. వెంటనే పీకేయకండి. నిదానంగా పది లెక్కపెట్టండి. తెలుగులో పది అన్నా, కన్నడంలో హత్తు అన్నా ఒకటే, తొందర మాత్రం వద్దు. వేశాక సూది తీసేసి, మందపాటి డబ్బాలో వేయండి. తీయకపోతే మందు కారుతుంది, గాలి చేరుతుంది.

నొప్పి తెలియదని ఒకేచోట వేస్తే అక్కడ గడ్డ కడుతుంది. గడ్డలోంచి మందు సరిగా ఒంటికి పట్టదు. రోజూ ఒక వేలెడు జరపండి. గడ్డ వదిలి కొత్త చోటికి మారేటప్పుడు మాత్రం డాక్టరును అడగండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

ఇంకొక ముఖ్యమైన మాట. మన దేశంలో మామూలు ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్ను మందులో 100 యూనిట్లు ఉంటాయి. పెన్ను పాడైందని అందులోని మందును 40 గుర్తుల సిరంజితో లాగి వేశారా, రెండున్నర రెట్లు ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఆ పని ఎన్నడూ చేయకండి. ఒకరి పెన్ను ఇంకొకరు వాడకండి, సూది మార్చినా సరే.

ఇక మన ఎండలు. వాడుతున్న పెన్నును సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. ఫ్రిజ్ లేకపోతే తడి ఇసుక పోసిన కుండలో చిన్న కుండ దింపి, అందులో పెన్నును పొడి డబ్బాలో పెట్టండి. గడ్డకట్టిన మందు పనికిరాదు, కాబట్టి ఐసు పెట్టెలో పెట్టకండి. ఎండలో నిలిపిన బండిలో వదలకండి.

వణుకు, చెమట పడితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ తాగండి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపోండి.

బళ్ళారిలో చూపించుకున్నా, గుంతకల్లులో చూపించుకున్నా, ఈసారి పెన్ను వెంట తీసుకెళ్ళండి. మీరు వేసుకునే తీరు డాక్టరుకో నర్సమ్మకో చూపించండి. చెప్పింది అర్థం కాకపోతే మళ్ళీ అడగండి, మొహమాటం వద్దు. మోతాదు పెంచే ముందు చూడవలసింది మీ చేతినే.

సెలవు.