నిరీక్షణ అంటే ఎదురుచూడటమేనా? కష్టకాలంలో క్రైస్తవ విశ్వాసం

ప్రతి డిసెంబరు 31 రాత్రి తెలుగు చర్చిల్లో ఒక ఆనవాయితీ ఉంది. పాత సంవత్సరం వెళ్ళిపోయి కొత్తది వచ్చే వేళ అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరి చేతికీ ఒక చిన్న వాగ్దానపు కార్డు ఇస్తారు. దాని మీద ఒక బైబిల్ వాక్యం ఉంటుంది. గుంటూరులో ఉన్న అలవాటు డాలస్‌కూ దుబాయ్‌కీ మనతోపాటే వచ్చింది. ఆ కార్డును పర్సులోనో, ఫ్రిజ్ తలుపు మీదో, ఆఫీసులో మానిటర్ పక్కనో పెట్టుకుంటాం. జనవరిలో దాన్ని చూస్తే ఎంతో ధైర్యంగా ఉంటుంది. మరి మార్చిలో ఉద్యోగం పోతే? ఆగస్టులో నాన్నగారికి క్యాన్సర్ అని ఊరి నుంచి ఫోన్ వస్తే? అప్పుడు ఆ కార్డుకు అర్థం ఏమిటి?

ఈ ప్రశ్న ఊహించి అడిగింది కాదు. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో ఉద్యోగమో, ఇంకో వీసా దారో చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఇల్లు, పిల్లల బడి, ఊళ్ళో తీర్చాల్సిన అప్పు, అన్నీ ఆ 60 రోజుల మీదే ఆధారపడి ఉంటాయి. 2020, 2021 సంవత్సరాల్లో కోవిడ్ వల్ల విమానాలు ఆగిపోయి, కన్న తల్లిదండ్రుల భూస్థాపనను, దహనసంస్కారాలను సెల్‌ఫోన్ తెర మీద చూసినవాళ్ళు మన మధ్య ఎంతోమంది ఉన్నారు. అలాంటి సమయంలో క్రైస్తవులు "నిరీక్షణ" అనే మాట తరచుగా వాడతారు. మన సంఘంలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు కాబట్టి, అసలు ఆ మాటకు అర్థం ఏమిటో, ఏది కాదో వివరంగా చెప్పుకుందాం.

మాటలోనే ఉన్న అర్థం

మామూలు తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూడటం. బస్సు కోసం నిరీక్షణ, పరీక్షా ఫలితాల కోసం నిరీక్షణ అంటాం. ఇంగ్లీషువాళ్ళు "హోప్" అనేదానికి మనం రోజూ వాడే మాట "ఆశ". అయినా తెలుగు బైబిలులో ఈ అర్థానికి ఎక్కువగా కనిపించేది నిరీక్షణ అనే మాటే. ఇది చాలా మంచి ఎంపిక అని నా అభిప్రాయం. ఎందుకంటే బైబిలు పాత నిబంధనకు మూలభాష అయిన హీబ్రూలో కూడా ఈ రెండు అర్థాలూ కలిసే ఉంటాయి. "కావా" అనే క్రియకు ఎదురుచూడటం, ఆశ పెట్టుకోవడం అని రెండు అర్థాలూ ఉన్నాయి.

ఆ క్రియకు సంబంధించిన నామవాచకం "తిక్వా". దీనికి కూడా రెండు అర్థాలు. ఒకటి నిరీక్షణ, రెండోది తాడు! యెహోషువ గ్రంథంలో యెరికో పట్టణపు రాహాబు అనే స్త్రీ, తన కుటుంబం బతకడానికి గుర్తుగా కిటికీకి ఒక ఎర్ర తాడు కడుతుంది. అక్కడ తాడుకు వాడిన మాట తిక్వాయే. తాడుకు ఒక లక్షణం ఉంది. అది వదులుగా పడి ఉన్నప్పుడు ఎంత గట్టిదో తెలియదు, బరువు పడి బిగుసుకున్నప్పుడే తెలుస్తుంది. ఇంకో సంగతి, తాడు ఎంత గట్టిదైనా దాన్ని కట్టిన చోటు గట్టిది కాకపోతే లాభం లేదు.

ఆశావాదానికీ నిరీక్షణకూ తేడా ఇక్కడే ఉంది. "మార్కెట్ మళ్ళీ పుంజుకుంటుందిలే, అంతా మంచే జరుగుతుంది" అనుకోవడం ఆశావాదం. అది పరిస్థితుల లెక్క. లెక్క తప్పితే అదీ పోతుంది. క్రైస్తవ నిరీక్షణ పరిస్థితుల మీద కాకుండా ఒక వ్యక్తి మీద, అంటే దేవుడి నమ్మకత్వం మీద ఆధారపడి ఉంటుంది. అందుకే పరిస్థితులు బాగోలేదని ఉన్నదున్నట్టు ఒప్పుకుంటూనే నిరీక్షణతో ఉండటం సాధ్యం.

"విశ్వాసం" అనే మాట సంగతి కూడా చూడండి. హీబ్రూలో "ఎమునా" అంటే స్థిరత్వం, నిలకడ. నిర్గమకాండంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతున్నప్పుడు మోషే చేతులు పైకెత్తి నిలబడతాడు. ఎంతసేపని నిలబడతాడు? చేతులు లాగేస్తాయి. అప్పుడు అతన్ని ఒక రాతి మీద కూర్చోబెట్టి, అహరోను ఒక వైపు, హూరు ఇంకో వైపు చేతులు పట్టుకుంటారు. సాయంత్రం దాకా ఆ చేతులు నిలకడగా ఉన్నాయని చెప్పేచోట వాడిన మాట ఎమునాయే. అంటే ఆ చేతుల నిలకడ మోషే ఒక్కడి బలం కాదు, ఇద్దరు పట్టుకుంటే వచ్చింది. "నీకు విశ్వాసం తక్కువైంది, అందుకే ఇలా ఉన్నావు" అని అలసిపోయినవాణ్ణి నిందించేవాళ్ళు ఈ కథ ఒకసారి చదవాలి.

ఏడవడం అవిశ్వాసం కాదు

దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళు ఏడవకూడదని, ప్రశ్నించకూడదని ఒక అపోహ మనలో ఉంది. బైబిలు అలా చెప్పదు. అందులో 150 కీర్తనలు ఉంటే, వాటిలో మూడో వంతుకు పైగా విలాప కీర్తనలేనని పండితులు లెక్కగడతారు. ఎంతకాలం ఇలా, ఎందుకు మమ్మల్ని వదిలేశావు అని దేవుణ్ణే సూటిగా అడిగే పాటలు అవి. చాలావాటిలో చివరికి ఒక స్తుతి మాట వస్తుంది. కాని 88వ కీర్తన చివరి దాకా చీకట్లోనే సాగి, చీకట్లోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు, చివర్లో ఒక మంచిమాట చేర్చనూ లేదు. కొన్ని రోజులు అలాగే ముగుస్తాయని, ఆ రోజున చేసిన ప్రార్థన కూడా ప్రార్థనేనని దానివల్ల మనకు తెలుస్తుంది.

యోహాను సువార్త 11వ అధ్యాయంలో యేసు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గరికి వెళతాడు. అతణ్ణి మళ్ళీ లేపబోతున్నానని తెలిసి కూడా అక్కడ కన్నీళ్ళు పెట్టుకుంటాడు. జరగబోయే మంచి తెలిసినవాడే ఏడిస్తే, తెలియని మనం ఏడవడంలో తప్పేముంది?

బబులోనుకు వచ్చిన ఉత్తరం

ఇప్పుడు వాగ్దానపు కార్డు దగ్గరికి వద్దాం. ఆ కార్డుల మీద తరచుగా కనిపించే వాక్యాల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఒకటి. దేవుడి ఆలోచనలు మన మేలుకే గాని కీడుకు కావని, రాబోయే కాలానికి నిరీక్షణ ఉందని దాని భావం. చాలామందికి కంఠతా వచ్చు. అయితే అది ఎవరికి రాసింది? క్రీస్తుపూర్వం 597లో నెబుకద్నెజరు రాజు యెరూషలేము నుంచి చెరపట్టుకుపోయిన జనానికి. అంటే అది పరదేశంలో ఉన్నవాళ్ళకు వచ్చిన ఉత్తరం!

ఆ రోజుల్లో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని, అందరూ తిరిగి వచ్చేస్తారని చెప్పాడు. జనానికి ఆ మాట బాగా నచ్చి ఉంటుంది. ఎవరికి నచ్చదు? యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్ళు అన్నాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది సొంత ఊరు మళ్ళీ చూడరన్నమాట. మరి ఈలోగా ఏం చేయాలి? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం పాటుపడండి, దాని కోసం ప్రార్థించండి అని రాశాడు. మేలు గురించిన ఆ ప్రసిద్ధ వాగ్దానం వచ్చేది ఈ మాటలన్నీ చెప్పిన తర్వాతే.

గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. రెండేళ్ళలో తేలిపోతుంది, అప్పుడు బతకడం మొదలుపెడదాం అనుకుంటూ పదేళ్ళు గడిపేసినవాళ్ళు మనకు తెలుసు. యిర్మీయా చెప్పిన నిరీక్షణ చేతులు కట్టుకుని కూర్చునేది కాదు. ఎదురుచూస్తూనే చెట్టు నాటమంటుంది.

ఒంగోలు నుంచి నేటాల్ దాకా

ఇది పాత యూదుల కథ మాత్రమే కాదు, మన తెలుగునేల మీదా జరిగింది. 1876-78లో దక్షిణ భారతాన్ని ఊడ్చేసిన ఘోరమైన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు తన దేశంలో సర్వేయరుగా పనిచేసినవాడు. ప్రార్థన చేసి ఊరుకోకుండా, బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలిపని ఇచ్చాడు. వాళ్ళలో చాలామంది మాదిగ కుటుంబాలవాళ్ళు. ఊళ్ళో అంటరానివాళ్ళుగా బతికినవాళ్ళు.

తిండి కోసం మతం మారారనే మాట రాకూడదని, కరువు సహాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. కరువు తగ్గాక కూడా జనం వదల్లేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ ఉద్దేశాల గురించి చరిత్రకారులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు. అయితే ఒక సంగతి స్పష్టం. కూలి డబ్బులూ ప్రార్థనా ఒకే చోట దొరికినప్పుడు, తమను మనుషులుగా లెక్కించే దేవుడొకడున్నాడని ఆ జనానికి అర్థమైంది. తర్వాతి తరాలకు బడులు, ఆసుపత్రులు ఆ దారిలోనే వచ్చాయి.

ఇంకొంచెం ముందుకు వెళితే మన ప్రవాసుల కథే కనిపిస్తుంది. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా తెలుగు కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పందపు పనికి వెళ్ళారు. చెరకు తోటలు, తేయాకు తోటలు, ఐదేళ్ళ ఒప్పందం, సముద్రానికి అవతల ఇల్లు. వాళ్ళ మధ్య సేవ చేయడానికి నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్య అనే తెలుగు ఉపాధ్యాయుణ్ణి తామే పంపించారు. ధాత కరువు చూసిన తరం ఇంకా బతికి ఉండగానే, వాళ్ళ సంఘాలు సముద్రం అవతల ఉన్న తమవాళ్ళ కోసం మనిషిని పంపాయి! రంగయ్య 1915లో చనిపోయే దాకా అక్కడి తోటల్లోని తెలుగువాళ్ళ కోసమే పనిచేశాడు. పరాయి దేశంలో తెలుగులో ప్రార్థన చేసుకునే మన చిన్న చిన్న కూడికలకు వందేళ్ళకు పైబడిన వంశవృక్షం ఉందన్నమాట.

జవాబు రాని ప్రార్థన

అయితే ఇంత చెప్పినా ఒక కష్టమైన ప్రశ్న మిగిలే ఉంటుంది. ప్రార్థన చేసినా జబ్బు తగ్గకపోతే? బైబిలు దీన్ని దాచిపెట్టదు. పౌలు తన శరీరంలోని ఒక బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు. దాన్ని భరించడానికి తగిన కృప మాత్రం దొరికింది. సిలువకు ముందు రాత్రి యేసే ఆ శ్రమ తప్పించమని తండ్రిని అడిగాడు, అది తప్పలేదు. కాబట్టి విశ్వాసం ఉంటే అన్నీ అనుకున్నట్టే జరుగుతాయని, కానుక వేస్తే ప్రమోషన్ వస్తుందని చెప్పే బోధకు ఇక్కడ చోటు లేదు.

క్రైస్తవుల నిరీక్షణకు పునాది యేసు పునరుత్థానం. అది జరగకపోతే మా విశ్వాసమంతా వ్యర్థమని పౌలే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో ఒప్పుకున్నాడు. చావే చివరి మాట కాదు, దేవుడు చివరికి అన్నిటినీ బాగుచేస్తాడు అన్నది ఆ నమ్మకం. కాని శుక్రవారం సిలువకూ ఆదివారం ఉదయానికీ మధ్య ఒక శనివారం ఉంది. ఆ రోజు శిష్యులకు ఏమీ తెలియదు, ఆకాశం నుంచి ఒక్క మాటా రాలేదు. మన జీవితంలో చాలా భాగం ఆ శనివారం లాంటిదే. నిరీక్షణ అవసరమయ్యేది కూడా సరిగ్గా ఆ రోజే.

పక్కన నిలబడటం ఎలా?

యోబు కథలో అతని ముగ్గురు స్నేహితులు మొదట చాలా మంచి పని చేశారు. ఏడు రోజులు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మౌనంగా కూర్చున్నారు. నోరు తెరిచి, నువ్వేదో పాపం చేసి ఉంటావు అని వివరణలు ఇవ్వడం మొదలుపెట్టాకే అంతా పాడైంది. చివర్లో దేవుడు తప్పుపట్టింది ప్రశ్నలు అడిగిన యోబు స్నేహాన్ని కాదు, జవాబులన్నీ తెలుసనుకున్న ఆ ముగ్గురి మాటల్ని.

కాబట్టి మన మధ్య ఎవరికైనా కష్టం వచ్చినప్పుడు "దేవుడు ఏదో మంచికే చేశాడు" అనే మాట నోటి దాకా వచ్చినా ఆపుకోవడం మంచిది. ఉద్యోగం పోయినవారికి ఒక రెఫరల్, మంచి ఇమిగ్రేషన్ లాయరు నంబరు ఎక్కువ ఉపయోగపడతాయి. ఊళ్ళో అమ్మానాన్నలను పోగొట్టుకుని ఇక్కడ చిక్కుకుపోయినవారి ఇంట్లో మనమే ఒక ఆదరణ కూడిక పెట్టి, నాలుగు రోజులు వంట పంపవచ్చు. వారి దుఃఖం వారం రోజుల్లో తీరిపోదు, మూడు నెలల తర్వాత కూడా ఒక ఫోన్ చేయండి.

ఇంకొక్క మాట. నిద్ర పట్టకపోవడం, బతకాలని లేదనిపించడం విశ్వాసం లేకపోవడం కాదు, వైద్యం అవసరమయ్యే స్థితి. డాక్టరు దగ్గరికి వెళ్ళడం ప్రార్థనకు వ్యతిరేకం కాదు. అమెరికాలో ఉన్నవారు ఏ వేళలోనైనా 988 నంబరుకు ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

మోషే చేతులు నిలకడగా ఉన్నది సూర్యుడు అస్తమించే దాకా మాత్రమే, కాని ఆ రోజుకు అది సరిపోయింది. మీకు తెలిసినవాళ్ళలో ఇవాళ ఎవరి చేతులు లాగుతున్నాయో ఒక్కసారి ఆలోచించండి. వాళ్ళది ఏ మతమైనా సరే, ఒక పక్క మీరు పట్టుకోండి. రెండో పక్కకు ఇంకొకరిని పిలవండి.