మెల్లకన్ను అదృష్టం కాదు

మా సండేస్కూలులో ఒక పిల్లవాడున్నాడు. పేరు వ్రాయడం లేదు. ఇప్పుడు వానికి పదేళ్లు. కిందటి వేసవి సెలవుల్లో పిల్లలచేత ఒక ఆట ఆడించాం. ఒక కన్ను చేత్తో మూసుకొని గోడమీది అక్షరాలు చదవాలి. వాడు కుడికన్ను మూసుకొని గబగబా చదివేశాడు. ఎడమకన్ను మూసుకొని మాత్రం అలాగే నిలబడిపోయాడు. "చదవరా" అన్నాం. "ఎక్కడ వ్రాశారయ్యగారూ?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు, అల్లరి చేస్తున్నాడనుకొని మేమూ నవ్వాం. వాడు నవ్వలేదు.

పట్నంలో కంటి డాక్టరుకు చూపించాం. వాని కుడికన్ను చిన్ననాటినుండి కొంచెం ముక్కువైపుకు తిరిగి ఉండేది. నాలుగేళ్లప్పుడు తల్లి వానిని ప్రార్థనకు తెచ్చి, "మెల్ల ఉందయ్యగారూ, ఏమైనా చేయించాలా?" అని అడిగింది కూడా. మెల్లకన్ను ఇంటికి అదృష్టమని నాయనమ్మ అంటుండేది. మేము ప్రార్థన చేసి, "పెద్దయ్యేకొద్దీ అదే సర్దుకుంటుందిలే అమ్మా" అని పంపించాం. డాక్టరుగారు ఇదంతా విని, "అప్పుడే తెచ్చి ఉంటే చాలావరకు చూపు వచ్చేది" అన్నారు. ఆ మాట విన్న తర్వాతే ఈ వ్యాసం వ్రాయాలనుకొన్నాం.

తల్లిదండ్రులారా, మెల్లకన్నులో జరిగేది ఇది. రెండు కళ్లూ రెండు వైపులకు చూస్తే మెదడుకు రెండు బొమ్మలు అందుతాయి. ఆ గందరగోళం పడలేక పసివాని మెదడు వంకర కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది. కంటిలో ఏ జబ్బూ లేకపోయినా ఆ కంటితో చూడడం మెదడు నేర్చుకోదు. దీనిని సోమరి కన్ను అంటారు. మెల్ల లేకుండా కూడా ఇది రావచ్చు. ఒక కంటికి నంబరు బాగా ఎక్కువగా ఉండి రెండవది బాగుంటే, ఆ పిల్ల ఆడుతుంది, పరుగెత్తుతుంది, ఎవరికీ అనుమానం రాదు.

చికిత్స పెద్ద విచిత్రమేమీ కాదు. అవసరమైన కళ్లద్దాలు, ఆపైన బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ. మంచి కన్ను మూస్తే సోమరి కన్ను పని చేయక తప్పదు. పట్టీని పిల్లలు పీకేస్తారు, బడిలో తోటివారు ఎగతాళి చేస్తారు. నెలల తరబడి ఓపిక పట్టాల్సింది తల్లే. మెల్ల సరిచేసే ఆపరేషను ఉంది గాని, దానివల్ల కన్ను తిన్నగా అవుతుందే తప్ప పోయిన చూపు దానంతటదే రాదు. ఏడెనిమిదేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆ తర్వాత కొందరికి కొంత మెరుగవుతుంది, అంతే. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలల్లో కళ్లు అప్పుడప్పుడు పక్కకు తిరగడం మామూలే. నాలుగు నెలలు దాటినా తిరుగుతుంటే చూపించాలి.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. బిడ్డ ఆడుకుంటున్నప్పుడు ఒక కన్ను, తర్వాత రెండవ కన్ను చేత్తో మూయండి. ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే ఏడ్చి చెయ్యి తోసేస్తుంటే అనుమానించాలి. తల వంచి చూడడం, టీవీకి అతుక్కుపోవడం, పుస్తకం ముఖానికి ఆనించుకోవడం కూడా గుర్తులే.

ఇంతకంటె తొందరపడాల్సినది మరొకటి ఉంది. నల్లగుడ్డు మధ్యలో తెల్లని మెరుపు కనిపిస్తే, లేక ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకొకటి తెల్లగా పడితే, పండుగ అయ్యాక వెళ్దామనుకోకండి. అది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, కంటిలో క్యాన్సరూ కావచ్చు. ఆ క్యాన్సరు ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. త్వరగా పట్టుకొంటే ప్రాణం దక్కుతుంది, చాలామందికి కన్ను కూడా దక్కుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను, రెండు కిలోలలోపు బరువుతో పుట్టిన బిడ్డలను 30 రోజుల్లోపు కంటి డాక్టరు చూడాలి. మరీ చిన్న బిడ్డలైతే ఇంకా ముందే. వారి కంటిలోని రక్తనాళాలు సరిగా పెరగక పూర్తిగా చూపు పోయే ప్రమాదముంది. పైకి మాత్రం కన్ను చక్కగానే కనిపిస్తుంది.

పుట్టుగుడ్డి బిడ్డను చూసినప్పుడు "ఎవరి పాపమో" అనే మాట మన పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగింది అదే. ప్రభువు ఆ తల్లిదండ్రులమీద నేరం మోపలేదు. మనమూ మోపవద్దు. ఆ మాటకు భయపడి బిడ్డను దాచుకొనే తల్లులున్నారు.

ఇక కళ్లకలక. 2023 వర్షాకాలంలో మన ఊళ్లన్నీ చూశాయి. ఎర్రబడి, పుసులు కట్టినంతమాత్రాన కంగారు పడనక్కరలేదు. చాలావరకు వారం, రెండు వారాల్లో అదే తగ్గుతుంది. చూస్తే అంటుకోదు, చేతుల ద్వారా, తువ్వాలు ద్వారా అంటుకొంటుంది. కాచి చల్లార్చిన నీటితో శుభ్రమైన గుడ్డ తడిపి తుడవండి. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి ఎక్కువైనా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. నెలలోపు పసికందు కంటిలో చీము కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి. తల్లిపాలు, ఆముదం, నందివర్ధనం పూలరసం కంట్లో పోయవద్దు. అలా పోసినవాటివల్ల నల్లగుడ్డుమీద పుండుపడి, పువ్వు వేసి, ఇక ఎప్పటికీ చూడలేనివారున్నారు. తాంబూలం సున్నం కంట్లో పడితే ఆసుపత్రికి బయలుదేరేముందే కనీసం పావుగంట సేపు ధారగా నీళ్లు పోసి కడగాలి.

ప్రతి వేసవిలో కళ్లు దురదపెట్టి నులుముకొనే పిల్లలున్నారు గదా! వారికి మందుల షాపులో ఎవరో ఇచ్చిన చుక్కలు వేస్తారు, రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, సీసా అయిపోగానే మరొకటి తెస్తారు. వాటిలో చాలా చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చూపులో లేకుండా నెలల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి, శుక్లం వచ్చి, చూపే పోతుంది. ఆ పాత సీసాలు పారవేయండి.

సందె చీకటిలో బిడ్డ తడుముకొంటూ నడిస్తే అది రేచీకటి, విటమిన్ ఏ లోపం. మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు పెట్టండి. తొమ్మిది నెలల వయస్సునుండి ఐదేళ్లవరకు ఆరు నెలలకొకసారి ఇచ్చే విటమిన్ ఏ మందు అంగన్‌వాడీలో తప్పకుండా త్రాగించండి.

డబ్బు లేదని ఆగవద్దు. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు పిల్లలను పరీక్షించే వైద్యబృందాలు వస్తాయి. ఆ రోజు బిడ్డను పొలానికి తీసుకుపోకండి. జిల్లా ఆసుపత్రుల్లో కంటి విభాగముంది. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ సంస్థ హైదరాబాదులోనే కాక విశాఖపట్నంలో, విజయవాడ దగ్గర కూడా పేదలకు ఉచితంగా చూస్తున్నది.

మా పిల్లవానికి డాక్టరుగారు గట్టి అద్దాలు వ్రాసిచ్చారు. అవి చూపు లేని కంటికోసం కాదు, ఉన్న ఒక్క కంటికి దెబ్బ తగలకుండా. గోటీబిళ్ల ఆడవద్దన్నారు. ఆదివారం సాయంత్రం మిగతావాళ్లు ఆడుకుంటుంటే వాడు మెట్లమీద కూర్చొని లెక్క చెబుతుంటాడు. వాళ్ల చెల్లికి మూడేళ్లు. పోయిన వారమే ఆ పాపను తల్లితోపాటు కంటి డాక్టరు దగ్గరకు పంపించాం.