బండి అమ్మేశాక కూడా చలాన్ మీకే ఎందుకొస్తుంది?

బండి అమ్మి ఏడాది దాటింది. డబ్బు చేతికొచ్చింది, తాళాలు ఇచ్చేశారు. అయినా ఫోన్‌కు చలాన్ మెసేజ్‌లు ఆగవు. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఇది మామూలు గొడవే. తిట్లన్నీ కెమెరాకే పడతాయి కానీ, అది చూసేది నంబర్ ప్లేటునే. నడిపేది ఎవరన్నది దానికి అనవసరం.

సిగ్నళ్ల దగ్గర పైన బిగించిన ఈ ఏఎన్‌పీఆర్ కెమెరాలు ప్లేటును ఫొటో తీస్తాయి. అందులోని అక్షరాలను, అంకెలను సాఫ్ట్‌వేర్ చదువుతుంది. రవాణా శాఖ రికార్డులో ఆ నంబర్ ఎవరి పేరు మీద ఉంటే చలాన్ వాళ్లకే వెళ్తుంది. బ్యాంకు ఖాతా లాంటిదే అనుకోండి, కార్డు ఎవరు గీకినా డబ్బు ఖాతాదారుకే కోత. ట్రాఫిక్ పోలీసులు చేతి కెమెరాతో తీసే ఫొటోల సంగతీ ఇంతే.

కెమెరా తప్పు చదివే సందర్భాలూ లేకపోలేదు. మట్టి పట్టిన ప్లేటు, వంగిన ప్లేటు, వంకర టింకర అక్షరాలతో రాయించుకున్న ఫ్యాన్సీ ప్లేటు అయితే 8, బి ఒకేలా కనిపిస్తాయి, సున్నా, డి కూడా అంతే. పైగా మన రోడ్ల మీద ఏపీ, టీఎస్ బండ్లతో పాటు 2024 మార్చి నుంచి టీజీ కూడా చేరింది. వేరేవాళ్ల నంబర్‌ను తమ బండికి తగిలించుకుని తిరిగే ఘనులు వేరే. అందుకే మెసేజ్ రాగానే డబ్బు కట్టేయొద్దు. పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో ఫొటో తెరిచి బండి మోడల్, రంగు, చోటు, టైమ్ చూసుకోవాలి. మీది స్కూటీ అయి ఫొటోలో బుల్లెట్ ఉంటే ఫిర్యాదు ఇవ్వాలి.

ఈ విషయంలో వాహనదారుకు అండగా ఒక నిబంధన ఉంది, తెలిసినవాళ్లే తక్కువ. కేంద్రం 2021 ఆగస్టులో తెచ్చిన 167ఎ నిబంధన ప్రకారం, కెమెరా పట్టిన ఉల్లంఘనకు 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. ప్లేటు కనిపించే ఫొటో, తేదీ, టైమ్, స్థలం, ఏ సెక్షన్ ఉల్లంఘించారో అందులో ఉండాలి. కేసు తేలేదాకా ఆ రికార్డు దాచి ఉంచాలి. కెమెరా ఉన్న దారిలో ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, కర్నూలు ఈ నిబంధన జాబితాలో ఉన్న ఊళ్లే.

కట్టకుండా ఆపేవాళ్ల లెక్క ఇంకోటి. తెలంగాణలో బైకులకు 2022లో 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం రాయితీ ఇచ్చారు. దాంతో మళ్లీ ఇస్తారులే అన్న ధీమా వచ్చేసింది. 100 రూపాయల జరిమానాకు 35 యూజర్ ఛార్జీ కలిపి 135 చొప్పున పది పడితే 1,350. రాయితీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, బండి అమ్మబోతే మాత్రం కొనేవాడు మొదట చూసేది ఆ బాకీలే.

ఇక అమ్మకం సంగతి. మనవాళ్లు ఎక్కువగా చేసేదేంటంటే 29, 30 ఫారాల మీద సంతకం పెట్టి, తేదీ ఖాళీగా వదిలేసి బ్రోకర్ చేతికివ్వడం. ఆయన ఇంకొకరికి, వాళ్లు మరొకరికి అమ్ముతారు. ఆర్‌సీ మాత్రం కదలదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోగా ఆ సంగతి ఆర్‌టీఏకు తెలపాల్సింది అమ్మినవాళ్లే. కొన్నవాళ్లు 30 రోజుల్లో తమ పేరు మీదికి మార్చుకోవాలి.

చలాన్‌తో పోతే ఫర్వాలేదు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు చూడండి. ఆ కారు 2007లోనే అమ్ముడై, తర్వాత చేతులు మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగింది. రికార్డులో మొదటి ఓనర్ పేరే ఉంది కాబట్టి పరిహారం ఆయనే కట్టాలని కోర్టు తేల్చింది. అమ్మానన్న మాట ఆయన్ను కాపాడలేదు.

గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల బండ్లది ఇంకో కథ. ఆర్‌సీ దుబాయ్‌లో ఉన్న అన్న పేరు మీద, నడిపేది ఇక్కడి తమ్ముడు. మెసేజ్ వెళ్లేది రిజిస్ట్రేషన్‌లో ఉన్న పాత నంబర్‌కు, అది ఎప్పుడో మూతపడి ఉంటుంది. అన్న సెలవుల్లో వచ్చేదాకా బాకీ ఎంతో ఎవరికీ తెలియదు. ఆర్‌సీలో ఫోన్ నంబర్ మార్పించుకోవచ్చు, ఆ పని వెళ్లే ముందే చేసుకోవాలి. తమ్ముడికి 18 ఏళ్లు నిండకపోతే వ్యవహారం ఇంకా ముదురుతుంది. 199ఎ సెక్షన్ కింద 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు సంరక్షకుడికి లేదా ఓనర్‌కు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు.