టీచరమ్మకు వీసా వచ్చింది

రాత్రి తొమ్మిదిన్నర. తిరుపతి బైరాగిపట్టెడలో మేడమీద ఇల్లు. హాల్లో టీవీ కట్టేశారు. కుక్కర్ కూత పెట్టకుండా స్టవ్ ఆర్పేశారు. "అబ్బోడు నిద్రపోతా ఉండాడు, నువ్వు కానీ మా" అని అత్తగారు వంటింటి తలుపు దగ్గరగా వేశారు. గదిలో లాప్‌టాప్ ముందు కోడలు తెల్లబోర్డు మీద దోసె గీసి నాలుగు ముక్కలు చేస్తోంది. భిన్నాల పాఠం. అవతల అమెరికాలో ఒక చిన్న ఊరి స్కూలు ప్రిన్సిపాల్, ఇంకో ఇద్దరు. అక్కడ మిట్టమధ్యాహ్నం. పిజ్జా గీయమని స్నేహితురాలు సలహా ఇచ్చిందట. "నాకు గుండ్రంగా వచ్చేది దోసే" అంది నాతో తర్వాత.

ఇరవై నిమిషాల ఇంటర్వ్యూలో లెక్కల మీద అడిగినవి రెండే ప్రశ్నలు. మిగతావన్నీ వేరే. పిల్లాడు పాఠం మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోతే ఏం చేస్తారు? చదవడం కష్టమైన పిల్లకు అదే పాఠం ఇంకెలా చెబుతారు? తల్లిదండ్రులు ఫోన్ చేసి గొడవపడితే? పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి. యాభై మంది పిల్లలు ఒక్కసారి లేచి "గుడ్ మార్నింగ్ టీచర్" అని రాగం తీసే క్లాసులు ఆమెవి. మొదటి ప్రశ్నకు, "మా బళ్ళో అడక్కుండా ఎవరూ బయటికి పోరండీ" అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిందట.

జీతం అడగడానికి నాకు మొహమాటం. ఆమే చెప్పింది. ప్రైవేటు స్కూల్లో నెలకు పద్దెనిమిది వేలు, వేసవి సెలవుల్లో సగం. ఊళ్ళో ఇది మంచి జీతమే. పది పన్నెండు వేలకు పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడే వాళ్ళు కొర్లగుంటలోనూ ఉన్నారు, చిత్తూరు గాంధీ రోడ్డు పక్క సందుల్లోనూ ఉన్నారు.

తిరుపతి అంటే బయటివాళ్ళకు కొండ, గుడి. మాకు బడి కూడా. 1954లో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. సంస్కృత విశ్వవిద్యాలయం బీఈడీకి సమానమైన శిక్షాశాస్త్రి పట్టా ఇస్తుంది. చుట్టూ ఉన్న బీఈడీ కాలేజీలు సరేసరి. పంతుళ్ళు ఇంతమంది తయారవుతుంటే పోస్టులేవి? 2018 డీఎస్సీ తర్వాత 2025 ఏప్రిల్‌లో గానీ పోస్టులు నింపిన మెగా డీఎస్సీ నోటిఫికేషన్ రాలేదు. 16,347 పోస్టులకు మూడు లక్షలకు పైగా అభ్యర్థులు. నడుమ ఆ ఏడేళ్ళూ బీఈడీ చేతబట్టుకున్న వాళ్ళు ఏం చేశారంటే, ఇదిగో, దోసెలు గీయడం నేర్చుకున్నారు.

సముద్రం దాటి పాఠం చెప్పడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే ఇథియోపియా బడుల్లో భారతీయ అయివార్లు ఉండేవాళ్ళు. చమురు డబ్బు పొంగిన డెబ్బైలలో నైజీరియా పిలిచింది. 2000 తర్వాత ఇథియోపియాలో కొత్త యూనివర్సిటీలు లేచినప్పుడు మన లెక్చరర్లు డాలరు జీతాలకు అక్కడికి వెళ్ళారు. మాల్దీవుల్లో, ఫుట్‌బాల్ మైదానమంత దీవిలో, ఊరందరికీ తెలిసిన ఒకే ఒక్క లెక్కల సారు మనవాడై ఉండటం వింత కాదు. ఇలాంటి చోట్లకు ఖర్చు తక్కువ, వెళ్ళడం తేలిక. అయితే డాలర్ల కటకట వచ్చినప్పుడల్లా ఇంటికి పంపే డబ్బు మీద బ్యాంకులు పరిమితి పెడతాయి. జీతం అక్కడే పేరుకుపోతుంది, ఇక్కడ ఈఎంఐ ఆగదు.

బ్రిటన్ 2023 ఫిబ్రవరిలో భారత్ సహా కొన్ని దేశాల లెక్కలు, సైన్సు, భాషల టీచర్లకు అర్హత పత్రం తలుపు తెరిచింది. మనవైపు నుంచి ఎక్కువగా చూసేవి మాత్రం రెండే దారులు. ఒకటి గల్ఫ్, రెండోది అమెరికా.

ముందు అమెరికా లెక్క చెప్పుకుందాం, అందరికీ నోరూరేది అదే. అక్కడ ప్రభుత్వ బడుల్లో కొత్తగా చేరే టీచరు సగటు జీతం 2023-24లో ఏడాదికి 46,526 డాలర్లు. డాలరుకు 90 రూపాయలు వేసినా దాదాపు 42 లక్షలు. బంధువులు ఇక్కడే ఆగిపోతారు. మనం ఆగకూడదు. నెలకు పడేది 3,877 డాలర్లు. అందులోంచి అద్దె, బీమా, కిరాణా, పన్నులు, వీసా స్పాన్సర్ సంస్థకు కట్టేది, అన్నిటికన్నా ముందు కారు. టీచర్ల కొరత ఎక్కువగా ఉండేది బస్సు తిరగని ఊళ్ళలోనే. బస్సు తిరిగే ఊరైతే మనదాకా ఎందుకొస్తుంది? కాబట్టి పాత కారు, దాని కంతు, దాని బీమా. సగం పోయిందనుకుంటే చేతిలో మిగిలేది 1,900 చిల్లర, అంటే లక్షా డెబ్బై వేలు. బాగానే ఉంది. ఒక్కరే వెళ్ళి, ఇద్దరు ముగ్గురు టీచరమ్మలు కలిసి ఇల్లు తీసుకుంటేనే ఈ లెక్క. మొగుణ్ణీ పిల్లల్నీ తీసుకెళితే వేరే పుస్తకం తెరవాలి.

వెళ్ళేది ఎక్కువగా జే-1 వీసా మీద. దీన్ని ఉద్యోగ వీసా అనుకోవడం మొదటి పొరపాటు. ఇది సాంస్కృతిక మార్పిడి పథకం. వచ్చి, చెప్పి, నేర్చుకుని, వెనక్కి వెళ్ళడం దాని ఉద్దేశం. కనీసం రెండేళ్ళ అనుభవం ఉండాలి. మూడేళ్ళు ఇస్తారు, స్కూలు కోరితే ఇంకో ఏడాదో రెండేళ్ళో పొడిగిస్తారు. మళ్ళీ అదే పథకంలో రావాలంటే రెండేళ్ళు అమెరికా బయట ఉండాలి. 2024 డిసెంబరులో అమెరికా, జే-1 వాళ్ళు స్వదేశానికి వెనక్కి వెళ్ళి తీరాలనే తన నైపుణ్యాల జాబితా నుంచి భారత్‌ను తీసేయడంతో, ఇక వీసా మార్చుకుని అక్కడే ఉండిపోవడానికి ఒక అడ్డం తొలగిందని చాలామంది సంబరపడ్డారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, దేశం బయటి నుంచి కొత్తగా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద మనిషిని తెచ్చుకోవాలంటే లక్ష డాలర్ల రుసుం అన్నారు. ఏ పల్లెటూరి స్కూలు జిల్లా ఒక సైన్సు టీచరు కోసం లక్ష డాలర్లు కడుతుంది? ఐదేళ్ళ ఉద్యోగమనుకుని వెళ్ళిన వాళ్ళకు గుండెదడ ఉండదు. కాపురం పెట్టేద్దామని వెళ్ళిన వాళ్ళకే నాలుగో ఏడు నుంచి నిద్రపట్టదు.

గల్ఫ్ సంగతి వేరు. అక్కడ సీబీఎస్ఈ బడులున్నాయి. పిల్లలు మనవాళ్ళే, పాఠం మనదే, చాలాచోట్ల ఏప్రిల్‌లోనే కొత్త తరగతులు. ఆదాయపన్ను లేదు. జీతం అమెరికాలో సగం కూడా ఉండదు. పైగా ఒకే వీధిలో మూడు బడులుంటే మూడు రకాల జీతాలు. బ్రిటిష్ పాఠ్యక్రమం బడిలో ఆంగ్లేయుడికి ఒకటి, అదే బడిలో మనకు ఒకటి, ఇండియన్ స్కూల్లో ఇంకొకటి. భర్త వీసా మీద అక్కడే ఉన్న ఆడవాళ్ళను స్థానికంగా చేర్చుకుని ఇంకా తగ్గించి ఇచ్చే అలవాటూ ఉంది. పాఠం అదే, పాస్‌పోర్టు రంగును బట్టి ధర.

ఆఫర్ లెటరులో అసలు చూడాల్సిన గడి మూలవేతనం. దుబాయిలో ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ, మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల చొప్పున, మూలవేతనం మీదే కడతారు. మొత్తం జీతం ఘనంగా చూపించి, మూలవేతనం చిన్నది చేసి, మిగతాదంతా అలవెన్సుల కింద రాసే బడులకు ఈ సంగతి బాగా తెలుసు. మనకే తెలియదు.

ఇక కాగితాలు. డిగ్రీ పట్టా యూనివర్సిటీ నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కణ్ణుంచి విదేశాంగ శాఖకు వెళ్ళాలి. ఒమన్, సౌదీలకైతే అపోస్టిల్ ముద్ర చాలు. ఎమిరేట్స్, కువైట్‌లకు ఆ పైన వాళ్ళ రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. చివరికి పట్టా వెనకవైపు చూస్తే పాత సూట్‌కేసు మీద రైల్వే చీటీల్లా స్టిక్కర్లు. అమెరికా వాళ్ళకు ముద్రలతో పనిలేదు, మన మూడేళ్ళ డిగ్రీ, దానిమీద బీఈడీ కలిపి తమ నాలుగేళ్ళ డిగ్రీకి సరితూగుతుందా అని తూచే సంస్థ ఉత్తరం కావాలి. ఇంటిపేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ముందు, పాస్‌పోర్టులో వెనక ఉంటే ఇంకో నెల. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిన వాళ్ళ కష్టం చెప్పక్కర్లేదు.

నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఇంకొకటుంది. రాయచోటి, రాజంపేట పల్లెల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడమనిషి పాస్‌పోర్టు, ఆమె పది పాసు కాకపోతే, 'ఈసీఆర్' కిందికి వస్తుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్ళాలంటే ఆమెకు ప్రభుత్వ అనుమతి తప్పదు. ఒప్పందాన్ని ఒక అధికారి చూడాలి. పది లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి, రెండేళ్ళకు 275 రూపాయలు. అది సక్రమంగా జరుగుతోందా, దొంగదారుల్లో ఎంతమంది పోతున్నారన్నది వేరే కథ. కాగితం మీదైనా ఆమె వెనక ఒక చట్టం ఉంది. టీచరమ్మ ఎమ్మెస్సీ, బీఈడీ. పది పాసయింది కాబట్టి ఆ అనుమతి అక్కర్లేదు. ఆమె ఒప్పందాన్ని ఏ అధికారీ చూడడు. ఆ బీమా ఆమెకు తప్పనిసరి కాదు. చదువుకుంది కదా, చూసుకుంటుందిలే అని చట్టం వదిలేసింది. ఆమేమో ఏజెంటు చూసుకుంటాడులే అని వదిలేస్తోంది.

నేనూ ఒకసారి అలా వదిలేసిన వాణ్ణే. ఇరవై ఏళ్ళ కిందట గల్ఫ్‌లో ఒక బడిలో రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. దిగిన రోజే ఆఫీసు గుమాస్తా పాస్‌పోర్టు అడిగి తీసుకున్నాడు. భద్రంగా ఉంటుందని అన్నాడు. భద్రంగానే ఉంది, మా నాయన పోయినరోజు కూడా. అది బీరువాలోంచి బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది. నేను ఇల్లు చేరేసరికి మూడోనాటి కార్యం అయిపోయింది.

మోసం చదువురాని వాళ్ళకే జరుగుతుందనుకోవద్దు. అమెరికాలోని లూసియానాకు తీసుకెళ్ళిన దాదాపు 350 మంది ఫిలిప్పీన్స్ టీచర్ల దగ్గర ఏజెన్సీ వేలకు వేల డాలర్లు గుంజితే, 2012లో కోర్టు జ్యూరీ వాళ్ళకు 45 లక్షల డాలర్లు ఇప్పించింది. అందరూ పట్టభద్రులే. అందరూ అప్పుచేసి కట్టిన వాళ్ళే. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుం 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. ఇది తెలిసిన బీఈడీ పట్టభద్రులు మనలో ఎంతమంది? "మొదట మూడు లక్షలు, వీసా వచ్చాక మిగతాది" అనే ఏజెంటు మాట లాడ్జి మీటింగు హాల్లో చల్లటి ఏసీ కింద వింటే నిజమే అనిపిస్తుంది. వేదిక మీద అమెరికా జెండా కూడా ఉంటుంది మరి.

ప్రభుత్వ టీచర్లకు మరో దారి ఉంది. విదేశంలో ఉద్యోగానికి జీతం లేని సెలవు ఐదేళ్ళ దాకా పెట్టుకోవచ్చు. ముందు అనుమతి తీసుకోవాలి. తీసుకోకుండా ఎగిరిపోయి, తిరిగొచ్చి ఎంఈవో ఆఫీసు మెట్ల మీద కూర్చున్న వాళ్ళు ప్రతి జిల్లాలో ఉన్నారు.

అమెరికా బతుకు ఫోటోల్లో కనిపించేంత మంచిగానూ ఉండదు, వెళ్ళినవాళ్ళు ఫోన్లో చెప్పనంత చేదుగానూ ఉండదు. రాగిపిండి, చింతపండు, ఊరమిరపకాయలు పెట్టెలో సగం. శనివారం మూడు గంటలు కారు నడిపి ఇండియన్ స్టోరుకు వెళ్ళి బియ్యం మూట తెచ్చుకోవడం పండగ. మొదటి ఆరునెలలు పిల్లల మాట యాస అర్థంకాదు, పిల్లలకు వీళ్ళదీ అంతే. బెత్తం లేదు, గద్దింపు లేదు, ప్రత్యేక అవసరాలున్న ప్రతి పిల్లాడికీ విడిగా రాసుకున్న ప్రణాళిక, దాని మీద సంతకాలు. రెండో ఏడు తిరిగేసరికి చాలామంది ఒక మాట ఒప్పుకుంటారు. యాభై మందికి పాఠం చెప్పడం తెలుసనుకున్నాం, ఒక్క పిల్లకు చెప్పడం ఇక్కడ నేర్చుకున్నామని. నాకు ఆ జీతం కన్నా ఈ మాటే విలువైంది. అయితే తిరిగొచ్చాక ఆ నేర్పుకు ఇక్కడి కరస్పాండెంటు మళ్ళీ పద్దెనిమిది వేలే అంటాడు.

మన సీమ ఒకప్పుడు ఈ వ్యవహారాన్ని అవతలి వైపు నుంచి చూసింది. 1915లో మన దేశానికి వచ్చిన ఐర్లండువాడు జేమ్స్ కజిన్స్ మదనపల్లె కాలేజీలో పాఠాలు చెప్పి ప్రిన్సిపాలయ్యాడు. 1919 ఫిబ్రవరిలో టాగోర్ అక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లీషు చేస్తే, కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరం రాసింది. డేవిడ్ హార్స్‌బర్గ్ అనే ఇంగ్లీషాయన రిషివ్యాలీలో పనిచేసి, 1972లో పక్కనే కోలారు జిల్లాలో నీల్‌బాగ్ బడి పెట్టాడు. ఇటునుంచి వెళ్ళిన పెద్దాయనా ఉన్నాడు. తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి 1952 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడు. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే.

బైరాగిపట్టెడ టీచరమ్మకు ఉద్యోగం వచ్చింది. వీసా కూడా వచ్చింది. రేణిగుంటలో రైలెక్కి చెన్నై, అక్కణ్ణుంచి విమానం. అబ్బోడు అవ్వ దగ్గరే. ఐదేళ్ళ తర్వాత వాడు తొమ్మిదో తరగతిలో ఉంటాడు.

ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో మీ చేత్తో మీరే చూసుకోండి. పాస్‌పోర్టు ఎవరి బీరువాలోనూ పెట్టకండి. సంతకం చేసిన కాంట్రాక్టు, వీసా, అక్కడి స్కూలు చిరునామా జిరాక్సు తీసి, ఇంట్లో పెద్దవాళ్ళకు అందేచోట పెట్టి వెళ్ళండి.